యంత్రం విన్నది ఎవరి మాట?

నా వృత్తి వంతెనల తనిఖీ. ఒహాయోలో ఒక కన్సల్టింగ్ కంపెనీలో ఇరవై ఏళ్ళకి పైగా ఇదే పని. "అంటే ఏం చేస్తావు బాబాయ్?" అని మా అన్నయ్య పిల్లలు అడిగితే "వంతెనల డాక్టర్ని" అని చెప్తూ ఉంటాను. పగలంతా బకెట్ ట్రక్కు ఎక్కి ఉక్కు దూలాల కింద టార్చిలైటు వేసి వెతకటం, సాయంత్రం ఆఫీసుకి వచ్చి రిపోర్టు రాయటం. నిజం డాక్టర్లకి లాగానే మాకూ రోగి దగ్గర గడిపే సమయం కన్నా కాగితం దగ్గర గడిపే సమయమే ఎక్కువ.

2007లో నా కుడి మణికట్టు మొరాయించింది. రాత్రిళ్ళు వేళ్ళు తిమ్మిరెక్కేవి. పొద్దున్నే కాఫీ కప్పు పట్టుకోవటమే కష్టమయింది. డాక్టరు పట్టీ కట్టి, ఆరు వారాల పాటు కీబోర్డు ముట్టుకోవద్దన్నాడు. రిపోర్టులు ఆరు వారాలు ఆగవు కదా! హెచ్.ఆర్. వాళ్ళని అడిగితే మాటల్ని టైపు చేసే సాఫ్ట్‌వేర్ ఒకటి కొనిచ్చారు. ఇక్కడ ఉద్యోగం చేసుకునే మనవాళ్ళు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. 1990లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, 15 మంది లేక అంతకన్నా ఎక్కువ ఉద్యోగులున్న సంస్థ, ఆ చట్టం కిందికి వచ్చే ఉద్యోగికి తన మీద మరీ భారం పడనంత వరకు పనికి వీలైన సర్దుబాటు చెయ్యాలి. నా నొప్పి ఆ చట్టం కిందికి వస్తుందా రాదా అని తేల్చుకోవలసిన అవసరం రాలేదు. అడిగాను, ఇచ్చారు. మనలో చాలామంది అడగటానికే మొహమాటపడి, చెయ్యి పూర్తిగా పాడయ్యే దాకా పంటి బిగువున పని చేస్తారు. ఆ పని చెయ్యకండి.

అలా మొదలయింది నాకూ ఆ మైకుకీ సావాసం. దాని వల్ల నేను నేర్చుకున్న పాఠమే ఈసారి మీకు చెప్పబోతున్నాను.

బీరు నంబరు రెండు

మొదటి రోజు నేను "పియర్ నంబర్ టూ" అన్నాను. పియర్ అంటే వంతెనని మోసే స్తంభం. తెర మీద "బీర్ నంబర్ టూ" అని పడింది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ బీరే. పక్క క్యూబికల్‌లో ఉన్న అమెరికన్ సహోద్యోగి తల బయటికి పెట్టి, "ఇంకా మధ్యాహ్నం రెండే అయింది, అప్పుడే రెండోదా?" అన్నాడు.

తప్పు యంత్రానిది కాదు, పూర్తిగా నాదీ కాదు. ఇంగ్లీషులో మాట మొదట వచ్చే "పి"ని గాలి బయటికి తన్నేలా పలుకుతారు. అది మన "ప" కన్నా ఒత్తు "ఫ"కి దగ్గర. ఇది ఫోనులోని "ఫ" కాదు, పాతకాలపు పండితులు ఫలం, ఫణి అన్నప్పుడు పలికే "ఫ". మీకు అనుమానంగా ఉంటే చిన్న కాగితం ముక్క నోటి ముందు పట్టుకుని "పియర్" అనండి. కాగితం కదలకపోతే అమెరికా చెవికి అది "బియర్" లాగే వినిపిస్తుంది. మాట మొదట వచ్చే "టి", "కె" అక్షరాలకీ ఇదే సూత్రం. మనకి "వి"కీ "డబ్ల్యూ"కీ తేడా లేకపోవటం ఇంకో తంటా. మా వెంకట్ పేరు చాలా రోజుల పాటు "వెన్ క్యాట్" అని పడేది.

ఇలాంటి తప్పులు నవ్వు తెప్పిస్తాయి, వెంటనే కంటికి కనిపిస్తాయి, దిద్దుకుంటాం. వీటితో ప్రమాదం లేదు. అసలు ప్రమాదం చెప్పే ముందు, ఈ యంత్రం ఎలా వింటుందో కొంచెం తెలుసుకోవాలి.

రెండు ప్రశ్నలు

మీ గొంతు నుంచి వచ్చిన ధ్వనిని కంప్యూటరు మామూలుగా సెకనుకి 16,000 సార్లు కొలుస్తుంది. ఆ కొలతల్ని సన్నటి ముక్కలుగా కోస్తూ, సెకనులో వందో వంతు చొప్పున ముందుకి జరుగుతూ, ఒక్కో ముక్కలో ఏ స్థాయి శబ్దం ఎంత బలంగా ఉందో లెక్క కడుతుంది. తరవాత రెండు ప్రశ్నలు వేసుకుంటుంది. ఒకటి: ఫలానా మాట అని ఉంటే, ఇలాంటి శబ్దం వచ్చే అవకాశం ఎంత? రెండు: అసలు ఈ మనిషి, ఈ సందర్భంలో, ఆ మాట అనే అవకాశం ఎంత? రెండు జవాబుల్నీ గుణించి, ఎక్కువ వచ్చిన దాన్ని తెర మీద పెడుతుంది.

మనమూ చేసేది అదే. ఇండియా నుంచి అమ్మ ఫోను చేసి, లైను గరగరలాడుతూ ఉండగా "నాన్నగారు బజారుకి వె..." అనగానే, మిగతాది వినపడకపోయినా "వెళ్ళారు" అని పూరించుకుంటాం. విన్నది సగం, ఊహించింది సగం.

ఈ ఊహ సంగతి తెలుసుకోవటానికి శాస్త్రజ్ఞులకి చాలా ఏళ్ళు పట్టింది. 1952లో బెల్ ల్యాబ్స్ వాళ్ళు చేసిన ఆడ్రీ అనే యంత్రం అంకెల్ని మాత్రమే గుర్తుపట్టేది. దానిది కేవలం శబ్దాల పోలిక. మామూలు మాటల్ని యంత్రానికి వినిపించే ప్రయత్నంలో తొలి అడుగులు వేసిన వారిలో మన తెలుగువాడు, అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన దబ్బాల రాజగోపాల్ రెడ్డి గారు ముఖ్యులు. రాజ్ రెడ్డి అంటే ప్రపంచానికి తెలుసు. 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి ట్యూరింగ్ పురస్కారం అందుకున్నారు. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఆయన బృందం నుంచి 1976లో వచ్చిన హార్పీకి 1,011 మాటలు తెలుసు. ఆయన దగ్గరే చదువుకున్న జేమ్స్ బేకర్, ఐ.బి.ఎం.లో ఫ్రెడరిక్ జెలినెక్ బృందం, 1970లలో ఈ సంభావ్యతల లెక్కని గట్టి పునాది మీద నిలబెట్టారు. బేకర్, ఆయన భార్య జానెట్ 1982లో డ్రాగన్ సిస్టమ్స్ స్థాపించారు. మాట మాటకీ మధ్య ఆగనక్కరలేకుండా గడగడా చెప్పుకుపోయే సాఫ్ట్‌వేర్ 1997లో వాళ్ళ నుంచి వచ్చింది. ఆ ఏడే ఐ.బి.ఎం. వాళ్ళదీ వచ్చింది.

నా దగ్గరున్న సాఫ్ట్‌వేర్‌లో ఒక సౌకర్యం ఉండేది. మన పాత ఫైళ్ళన్నీ దానికి చూపిస్తే, మనం ఏ మాట పక్కన ఏ మాట వాడతామో నేర్చుకుంటుంది. నేను చాలా సంబరపడిపోయి మూడేళ్ళ రిపోర్టులు దానికి మేతగా వేశాను. నిజంగానే బీరు కాస్తా పియరు అయింది. తప్పులు బాగా తగ్గాయి. ఆరు వారాలు దాటి నా చెయ్యి బాగయ్యాక కూడా డిక్టేషనే అలవాటయింది.

ఫోటో 14

ఆ చలికాలంలో ఒక ఉక్కు వంతెన తనిఖీ చేశాం. మూడో దూలం కింద, అదనపు రేకు వెల్డింగు అయ్యే చోట, రెండంగుళాల పగులు ఒకటి, దాని పక్కన ఇంకొకటి చిన్నది. అంతకు ముందు తనిఖీలో అవి లేవు. ఇలాంటి పగులు కొసన చిన్న రంధ్రం వేసి అది ఇంకా పాకకుండా ఆపాలి, ఆ తరవాత ఏం చెయ్యాలో ఆలోచించాలి. నా నోటుబుక్కులో రాసుకున్నాను, మా టెక్నీషియన్ ఫోటో తీశాడు. ఆఫీసుకి వచ్చి మైకులో చెప్పాను: "న్యూ క్రాక్స్ అబ్జర్వ్‌డ్ ఎట్ గర్డర్ త్రీ." రిపోర్టు పూర్తి చేశాను. తెర మీద మొదటి నుంచి చివరి దాకా చదివాను. స్పెల్ చెకర్ ఒక్క ఎర్ర గీత కూడా పెట్టలేదు. సంతకం పెట్టి పంపటానికి సిద్ధం చేశాను.

ఫోటోలు అతికించే టెక్నీషియన్ వచ్చి నా బల్ల దగ్గర నిలబడ్డాడు. "ఫోటో 14లో పగులు ఉంది. నీ వాక్యంలో లేదు," అన్నాడు.

చూశాను. రిపోర్టులో ఉన్నది: "నో క్రాక్స్ అబ్జర్వ్‌డ్ ఎట్ గర్డర్ త్రీ." కొత్త పగుళ్ళు కనిపించాయి అని నేను చెప్తే, పగుళ్ళేమీ లేవు అని అది రాసింది. కింద నా సంతకం.

రెండంగుళాల పగులుకి ఇంత కంగారెందుకు అంటారేమో. 1967 డిసెంబరు 15న ఒహాయోనీ వెస్ట్ వర్జీనియానీ కలిపే సిల్వర్ బ్రిడ్జి సాయంత్రం రద్దీ వేళ నదిలో కూలిపోయింది. 46 మంది పోయారు. కారణం ఒక ఉక్కు కడ్డీ కంటిలో, రెండున్నర మిల్లీమీటర్ల లోతున్న పగులు. దేశమంతటికీ వంతెనల తనిఖీ నియమాలు 1971లో వచ్చింది ఆ ప్రమాదం వల్లే. నా ఉద్యోగం పుట్టిందే ఒక పగులులోంచి! అలాంటి నేను పగులు లేదని సంతకం పెట్టాను.

ఇది ఎలా జరిగిందో లెక్క వేసి చూద్దాం. అంకెలు అర్థం కావటానికి నేను వేసుకున్నవి, నిజం కొలతలు కావు. శబ్దాన్ని బట్టి "న్యూ"కి 60 మార్కులు, "నో"కి 40 అనుకుందాం. అంటే యంత్రం చెవి నా వైపే ఉంది. కానీ నా పాత రిపోర్టుల్లో "నో క్రాక్స్" 95 సార్లు ఉంటే "న్యూ క్రాక్స్" 5 సార్లు ఉంది. 60ని 5తో గుణిస్తే 300. 40ని 95తో గుణిస్తే 3,800. పన్నెండు రెట్లకి పైగా "నో" గెలిచింది. దానికి నా మాట వినపడింది. నా అలవాటు అంతకన్నా గట్టిగా వినపడింది.

మరి నేను చదివినప్పుడు ఎందుకు దొరకలేదు? నా కంటిదీ అదే జబ్బు. "నో క్రాక్స్ అబ్జర్వ్‌డ్" అని వందల సార్లు చదివిన కన్ను, ఆ వాక్యం మీదుగా ఆగకుండా జారిపోయింది. చేత్తో టైపు చేస్తే తప్పు తప్పులా కనిపిస్తుంది. అక్షరాలు తారుమారవుతాయి, ఎర్ర గీత పడుతుంది. ఈ యంత్రం స్పెల్లింగు తప్పు ఎప్పుడూ రాయదు. దాని తప్పు కూడా చక్కటి ఇంగ్లీషులోనే ఉంటుంది.

చెవితో చదవటం

ఆ వారం మా పిన్ని కూతురు ఫోను చేసింది. ఆమె అప్పట్లో హైదరాబాదులో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ చేసేది. పాఠకుల్లో చాలామందికి గుర్తుండే ఉంటుంది, అమీర్‌పేటలో ఆ కోర్సు బోర్డులు. అమెరికా డాక్టర్లు పగలు చెప్పిన డిక్టేషన్‌ని హైదరాబాదులో మన పిల్లలు విని టైపు చేసి పంపేవారు. నా గొడవంతా చెప్పాను.

"అన్నయ్యా, నువ్వు కంటితో చదివావు. మేం చెవితో చదువుతాం," అంది.

"చెవితో చదవటం ఏమిటే?"

"ఆడియో మళ్ళీ మొదటినుంచి పెట్టుకుని, కాలి కింద పెడల్ నొక్కుతూ, చెవిలో వినపడే మాటా తెర మీద మాటా ఒకటేనా అని చూసుకుంటూ వెళ్తాం. హైపర్‌టెన్షన్ అన్నాడా, హైపోటెన్షన్ అన్నాడా? రెండూ స్పెల్లింగు కరెక్టే. ఉత్తినే చదివితే ఎప్పటికీ దొరకదు."

"నిజమే."

"ఇంకోటి. మాట అర్థం కాకపోతే మేం అక్కడ ఖాళీ వదిలి గుర్తు పెడతాం. ఊహించి నింపితే క్వాలిటీ వాళ్ళు మార్కులు కోసేస్తారు. మీ సాఫ్ట్‌వేర్ ఖాళీ వదులుతుందా?"

నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే నేను వాడే సాఫ్ట్‌వేర్ ఎప్పుడూ ఖాళీ వదలలేదు. తెలిసినా తెలియకపోయినా ఒకే రకం అక్షరాల్లో, ఒకే ధీమాతో రాసేస్తుంది.

కొన్నేళ్ళకి ఆమె కంపెనీలోనూ ఈ సాఫ్ట్‌వేర్ వచ్చింది. యంత్రం రాసింది దిద్దటం వాళ్ళ పనయింది, లైనుకి ఇచ్చే డబ్బు తగ్గింది. ఆమె మెడికల్ కోడింగుకి మారిపోయింది. కానీ దిద్దేవాళ్ళ విలువ ఎంతో తరవాత ఒక పరిశోధన చెప్పింది. 2018లో అమెరికాలో అచ్చయిన ఆ వ్యాసంలో యంత్రం రాసిన 217 డాక్టరు నోట్లని పరిశీలించారు. యంత్రం రాసినవి రాసినట్టు చూస్తే వంద మాటలకి 7.4 తప్పులు. ట్రాన్స్‌క్రిప్షన్ మనిషి దిద్దాక 0.4. డాక్టరు కూడా చూసి సంతకం పెట్టాక 0.3. అంటే ఎక్కువ భాగం తప్పుల్ని ఏరింది మా చెల్లెలి లాంటి వాళ్ళే.

నేను పాటించే పద్ధతి

అప్పటి నుంచి నా పద్ధతి ఇది. మీ ఉద్యోగం ఏదయినా పనికొస్తుంది.

ఒకటి. తలకి పెట్టుకునే మైకు వాడండి. అది నోటికి ఎదురుగా కాకుండా, పెదవి అంచు పక్కన ఉండాలి. ఎదురుగా ఉంటే "ప", "బ" పలికిన ప్రతిసారీ గాలి తగిలి టపటపమంటుంది.

రెండు. మాటల్ని ముక్కలు చేసి చెప్పకండి. ముందు వాక్యం మనసులో కూర్చుకుని, ఒక్క ఊపులో చెప్పండి. పక్క మాటలే యంత్రానికి ఆసరా. యాసని అమెరికన్లా వంకర తిప్పనక్కరలేదు కూడా. ప్రతిరోజూ ఒకేలా మాట్లాడటం ముఖ్యం.

మూడు. మనవాళ్ళ పేర్లు, ఊళ్ళ పేర్లు, వృత్తి మాటలు ముందే పదాల పట్టికలో చేర్చండి. ఎలా రాయాలో, ఎలా పలుకుతామో రెండూ ఇవ్వగలిగితే మరీ మంచిది. ఒక పూట పని, ఏళ్ళ తరబడి సుఖం.

నాలుగు. అన్నిటికన్నా ముఖ్యం ఇదే. ఒక్క మాట మారితే అర్థం తిరగబడే వాక్యాలని వాడటం మానెయ్యండి. నేను ఇప్పుడు "నో క్రాక్స్" అనను, "ఫ్రీ ఆఫ్ క్రాక్స్" అంటాను. పగులు ఉంటే "క్రాక్ ఫౌండ్, లెంగ్త్ టూ ఇంచెస్, ఫోటో ఫోర్టీన్" అంటాను. ఒక మాట పోయినా మిగతా మూడు సాక్ష్యం చెప్తాయి. "కెన్", "కాన్ట్" కూడా ఇలాంటి జంటే. "కెనాట్" అని పూర్తిగా అనండి.

అయిదు. అంకెలు విడివిడిగా చెప్పండి. ఫిఫ్టీన్, ఫిఫ్టీ కవల పిల్లల్లా ఉంటాయి. "వన్ ఫైవ్", "ఫైవ్ జీరో" అంటే గొడవ లేదు. విమానం పైలట్లు రేడియోలో "నైన్"ని "నైనర్" అనేది ఇందుకే, "ఫైవ్"తో కలిసిపోకుండా. మా వంతెనలకి 0 నుంచి 9 దాకా మార్కులు వేస్తాం. అయిదుకీ తొమ్మిదికీ తేడా ఎంతో ఊహించుకోండి.

ఆరు. ఆడియో దాచుకోండి. కనీసం "కాదు, లేదు" ఉన్న వాక్యాలూ, అంకెలున్న వాక్యాలూ చెవితో చదవండి. వీలైతే వేరే మనిషి చేత చదివించండి. ఆ వాక్యం అలవాటు లేని కన్నుకే తప్పు దొరుకుతుంది.

ఏడు. చుట్టుపక్కల ఎవరున్నారో చూసుకోండి. టైపు చేస్తే రహస్యం మీలోనే ఉంటుంది, చెప్తే నాలుగు క్యూబికళ్ళకి వినపడుతుంది. మీ మాటలు మీ కంప్యూటరులోనే ఉంటాయా, బయటి సర్వర్‌కి వెళ్తాయా అని కంపెనీ ఐ.టి. వాళ్ళని అడగండి. మీటింగు రికార్డు చేసే ముందు అందరినీ అడగండి. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాల్లో ఆంతరంగిక సంభాషణని రికార్డు చెయ్యటానికి అందరి ఒప్పుకోలూ కావాలని చట్టమే ఉంది.

తొంభై తొమ్మిది శాతం

ఈ రోజుల్లో ఇవన్నీ అవసరమా అని మీరు అడగచ్చు. నిజమే, ఇప్పటి యంత్రాలు వేరు. 2022లో ఓపెన్ ఏఐ విడుదల చేసిన విస్పర్‌కి 6,80,000 గంటల ఆడియోతో శిక్షణ ఇచ్చారు, అందులో తెలుగు కూడా ఉంది. నా యాస ఇప్పుడు వాటికి లెక్కే కాదు. అయితే లోపల ఊహ మాత్రం పోలేదు, ఇంకా బలపడింది. 2024లో విస్పర్ మీద వచ్చిన ఒక అధ్యయనంలో, దాదాపు నూటికి ఒక ఆడియో ముక్కలో ఎవరూ అనని మాటలు పుట్టుకొచ్చాయి. మాటల మధ్య మౌనం ఎక్కువైన చోట ఈ బెడద ఎక్కువ. మనిషి ఆలోచించుకోవటానికి ఆగితే, ఆ ఖాళీని కూడా అది నింపేస్తుంది. మా చెల్లెలు అడిగిన ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది.

అందుకని 99 శాతం కచ్చితం అనే ప్రకటన చూసినప్పుడు ఈ లెక్క వేసుకోండి. నా రిపోర్టు మామూలుగా 4,000 మాటలు. నూటికి ఒకటి అంటే 40 తప్పులు. పైగా ఆ లెక్కలో "ది" అనే మాట పోయినా ఒక తప్పే, "నో" అనే మాట వచ్చి పడినా ఒక తప్పే. వంతెన మీద వెళ్ళేవాడికి ఆ రెండూ ఒకటి కాదు.

ఒక చిన్న ఇంటి పని ఇస్తాను. మీ ఉద్యోగంలో మామూలుగా రాసేలాంటివి పది వాక్యాలు కాగితం మీద రాసుకోండి. అందులో అయిదు అంకెలు, మూడు "లేదు"లు, రెండు తెలుగు పేర్లు ఉండాలి. ఒక వాక్యం మాత్రం మీరు ఎప్పుడూ రాసే దానికి సరిగ్గా వ్యతిరేకంగా ఉండాలి. మీ ఫోనుకో కంప్యూటరుకో చదివి వినిపించండి. తరవాత కాగితం చూడకుండా తెర మీద తప్పులు వెతకండి. ఎన్ని దొరికాయో రాసుకుని, అప్పుడు కాగితంతో పోల్చండి. ఆ రెండు అంకెల మధ్య తేడా ఎంతో, మీ సంతకానికి అంత ప్రమాదం.

ఆ వంతెన పగుళ్ళకి వసంతకాలంలో రంధ్రాలు వేశారు. తరవాతి తనిఖీకి నేనే వెళ్ళాను. పగులు ఎక్కడ ఆపారో అక్కడే ఉంది. బకెట్‌లోంచి దిగి, ఆఫీసుకి వచ్చి, మైకు పెట్టుకుని చెప్పాను. చెప్పింది మళ్ళీ విన్నాను. ఫోటోల టెక్నీషియన్ బల్ల మీద ఆ కాగితం పెట్టి, "నువ్వు కూడా ఒకసారి చూడు" అన్నాను. ఈ రోజుకీ అలాగే అంటున్నాను.